పైన నిప్పులు, కింద నిప్పులు, మధ్యలో కేకు

కేకు ఇంట్లోనే చేసుకోవచ్చు! ఓవెన్ లేకుండా, కరెంటు లేకుండా, పెరట్లో కట్టెల పొయ్యి మీద! ఈ మాట కనబడ్డ ప్రతివాళ్లకీ చెబుతున్నాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను. ఇన్నేళ్లూ నా లెక్కలో పాయసం ఇంటిది, కేకు కొట్టుది. పుట్టినరోజుకి ముందురోజు బేకరీకి వెళ్లి, చీటీ మీద పేరు రాసిచ్చి, మర్నాడు అట్టపెట్టె తెచ్చుకోవడమే మనం చేయగలిగింది అనుకునేదాన్ని. ఫెరార్గంజ్‌లో మా వదిన పెరట్లో ఆ లెక్క మారిపోయింది.

మా వదినంటే మేనమామ కూతురు. పెళ్లయ్యాక అండమాన్ వెళ్లిపోయింది. మా శ్రీకాకుళం వైపు వాళ్లకి అండమాన్ పరాయి ఊరేం కాదు. విశాఖలో ఓడెక్కి వెళ్లి స్థిరపడినవాళ్లు బంధువుల్లో ఒకరిద్దరైనా ఉంటారు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి దాదాపు పదమూడుగురు తెలుగు మాతృభాషవాళ్లే. ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్ నుంచి ట్రంక్ రోడ్డు మీద ఉత్తరంగా బస్సులో గంటకు పైగా పోతే ఫెరార్గంజ్ వస్తుంది. ఇంకా ముందుకు పోతే జిర్కాటాంగ్ చెక్‌పోస్టు, అది దాటితే జారవా ఆదివాసుల అడవి. 1923 నుంచి 1931 దాకా ఆ దీవుల చీఫ్ కమిషనర్‌గా ఉన్న మైఖేల్ లాయిడ్ ఫెరార్ పేరే ఫెరార్గంజ్‌కి పెట్టారు. కొబ్బరి, పోక తోటలు, వాటి మధ్య మిరియాల తీగలు. దక్షిణ అండమాన్ తోటల్లో దాల్చినచెక్క, జాజికాయ, లవంగం కూడా పండుతాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కేకులోకి వస్తుంది.

వదిన చిన్నకొడుక్కి మొదటి పుట్టినరోజు. కేకు పోర్ట్ బ్లెయిర్ నుంచి తెప్పిస్తారేమో అనుకున్నాను. "ఆ గతుకుల రోడ్డు మీద, ఈ ఉక్కలో, క్రీము ఇల్లు చేరేసరికి ఏటవుద్దే? నేనే చేస్తాను" అంది. ఓవెన్ ఎక్కడని వంటిల్లంతా వెతికాను. "ఓవెనేటే! మన అమ్మమ్మోళ్లు మినపరొట్టి ఓవెన్లో కాల్చారేటి?" అంది.

ఆ ఒక్క మాటతో నాకు కళ్లు తెరుచుకున్నాయి. మా వైపు మినపరొట్టె అనేదాన్నే గోదావరి వైపు దిబ్బరొట్టె అంటారు. దళసరి గిన్నెలో నూనె పోసి, మినప్పిండి బియ్యపురవ్వ కలిపిన పిండి మందంగా పరిచి, మూత పెట్టి, ఆ మూత మీద నిప్పులు పోసి కాల్చేవాళ్లు. కింద సన్నసెగ, పైన కణకణలాడే బొగ్గులు. రెండు పక్కలా ఎర్రగా కాలి, మధ్యలో మెత్తగా ఉడికేది. ఓవెన్ చేసే పని అంతకంటే ఏముంది? నాలుగు వైపులా వేడి సమంగా తగిలించడమే కదా! ఆ విద్య తరతరాలుగా మన వంటింట్లోనే ఉంటే, కేకు దగ్గరికొచ్చేసరికి మన చేత కాదని ఎందుకనుకున్నామో!

చేసిన విధానం పూర్తిగా చెబుతాను. పెద్ద అల్యూమినియం డేగిసా తీసుకుని అడుగున కేజీ రాళ్ల ఉప్పు పరిచింది. ఉప్పు మీద చిన్న ఇనప చుట్టు పెట్టింది. పైన మూతకి బదులు దోసెల పెనం. సన్నటి మంట మీద పావుగంట సేపు ఖాళీ డేగిసానే వేడెక్కనిచ్చింది. ఉప్పు నిదానంగా వేడెక్కుతుంది, నిదానంగా చల్లారుతుంది. కట్టెల పొయ్యి మీద మంట ఎగసినా తగ్గినా ఆ హెచ్చుతగ్గులు ఉప్పు దగ్గరే ఆగిపోతాయి, కేకు గిన్నెకి ఒకే తీరు వేడి అందుతుంది. ఆ ఉప్పు తర్వాత కూరల్లోకి పనికిరాదు. డబ్బాలో పోసి దాచుకుంటే ఎన్ని కేకులకైనా అదే.

ఈలోగా పిండి. నాలుగు గుడ్లు, 200 గ్రాముల పంచదార. పంచదార ముందుగా పొడి చేసింది. గుడ్లు గిలక్కొట్టడానికి బ్లెండరు లేదు, మజ్జిగ కవ్వమే. ఇద్దరం వంతులేసుకుని చిలికాం. పచ్చగా ఉన్న గుడ్డు సొన మెల్లమెల్లగా తెలుపెక్కి, నురుగెక్కి, గిన్నెలో మూడింతలైంది. కవ్వం పైకెత్తితే ధారగా జారి, పడినచోట గీత కాసేపు అలాగే నిలిచింది. అప్పటికి చాలంది వదిన. ఆ నురుగులో చిక్కుకున్న గాలే కేకుని సగం పైకి లేపుతుందట. చేతులు లాగేస్తున్నా ఆపాలనిపించలేదు. కళ్లముందే పదార్థం మారిపోతుంటే చూడడం అంత బాగుంది!

తర్వాత 150 మిల్లీలీటర్ల నూనె, అరకప్పు చిక్కటి కొబ్బరిపాలు. 200 గ్రాముల మైదాలో ఒకటిన్నర చెంచాల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, అరచెంచా దాల్చినచెక్క పొడి కలిపి రెండుసార్లు జల్లించింది. ఏడాదికి మూడువేల మిల్లీమీటర్ల వాన పడే చోటు అది. మైదా తేమ పట్టి ఉండలు కడుతుంది కాబట్టి జల్లెడ తప్పదు. మైదా, పంచదార, వెన్న అన్నీ చెన్నై, కోల్‌కతా, విశాఖల నుంచి ఓడ మీద రావలసినవే. కొబ్బరి, దాల్చినచెక్క మాత్రం తోటలోవే. ఆ చెక్క నూరుతుంటే వచ్చిన ఘుమఘుమ నేను కొట్లో కొనే చెక్కలో ఎప్పుడూ చూడలేదు. చివర్లో రెండు గుప్పిళ్ల పచ్చికొబ్బరి కోరు. మైదా వేశాక మాత్రం గట్టిగా తిప్పకూడదు, కింద నుంచి పైకి మెల్లగా మడుస్తున్నట్టు కలపాలి. ఎక్కువ తిప్పితే మైదాలో జిగట పుట్టి కేకు సాగుతుంది.

బేకింగ్ పౌడర్ సంగతి కూడా చెప్పాలి. తడి తగలగానే కొంత, వేడి తగలగానే మరికొంత గాలి పుట్టిస్తుంది. అందుకే కలిపిన పిండిని పక్కన పెట్టి కబుర్లాడకూడదు. దాన్ని 1843లో తయారుచేసినవాడు బర్మింగ్‌హామ్‌లో మందుల కొట్టు నడిపిన ఆల్ఫ్రెడ్ బర్డ్. భార్యకి ఈస్టు పడదు, ఆవిడ కోసం ఈస్టు లేకుండా రొట్టె పొంగే ఉపాయం వెతికాడు. గుడ్లూ పడవని అంతకుముందే గుడ్డు లేని కస్టర్డ్ పొడి చేసిపెట్టాడు. ఇంట్లో మనిషికి పడని తిండి ఉందని కూర్చుని పొడులు కనిపెట్టిన ఆ మగడిని తలుచుకుంటే నాకు ముచ్చటేస్తుంది. ఇవాళ మన ఊరి కిరాణా కొట్లో పది రూపాయల పొట్లం వెనక ఆ ఇంటి కథ ఉంది.

పిండిని నెయ్యి రాసిన గిన్నెలో పోసి, ఆ గిన్నెను డేగిసాలో దించి, పెనం మూసింది. "మూత తియ్యొద్దే. తీసేవంటే కూలబడిపోద్ది" అని హెచ్చరించింది. అరగంట గడిచాక అసలు విద్య బయటికి తీసింది. పక్కన ఇంకో పొయ్యిలో కొబ్బరిచిప్పలు కాలుతున్నాయి. చిప్పల నిప్పులు మంచి వేడి, పొగ తక్కువ, చాలాసేపు ఆరవు. పట్టుకారుతో ఒక్కొక్కటీ తీసి పెనం అంచు చుట్టూ ఒక వరస, నడుమ రెండు మూడు పేర్చింది. కుక్కర్లో చేసిన కేకు పైభాగం పాలిపోయి ఉంటుంది చూడండి, పైనుంచి వేడి చాలకే అలా అవుతుంది. పిండి పైపొర తడి ఆరి 140 డిగ్రీలు దాటితే గానీ ఆ ఎర్రటి రంగు, కాల్చిన వాసన పుట్టవు. పైన నిప్పులు ఉన్నది అందుకే. మరో పదిహేను నిమిషాలకి పెరడంతా వాసన కమ్మేసింది. నిప్పులు పక్కకి తీసి, పెనం ఎత్తి, కొబ్బరీనె ఒకటి నడిమధ్యన గుచ్చి లాగింది. శుభ్రంగా వచ్చింది. ఈనెకి తడిపిండి అంటకపోతే ఉడికినట్టే. కేకు బంగారు రంగులో, మధ్యన చిన్న నెర్రెతో, గిన్నె అంచులు వదిలి నిలబడి ఉంది. ఇది మనం చేశామా అని నాకు నమ్మకం కలగలేదు!

సాయంత్రం ఇరుగుపొరుగు వచ్చారు. అక్కడ అందరికీ ఉమ్మడి భాష హిందీ. ఆ నేల మీదికి ఎక్కడెక్కడివాళ్లు ఎలా వచ్చారో వింటే ఆశ్చర్యం. 1920ల్లో యునైటెడ్ ప్రావిన్సెస్ నుంచి భంటూ తెగ కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో తెచ్చి ఫెరార్గంజ్‌లో పెట్టారు. 1921 మలబారు తిరుగుబాటు తర్వాత మాప్పిళ్ల ముస్లింలను పంపించారు. వాళ్లు తమ ఊళ్ల పేర్లు తెచ్చుకోవడంతో దక్షిణ అండమాన్‌లో తిరూర్, కాలికట్, మన్నార్‌ఘాట్ వెలిశాయి. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ కాందిశీకులు వచ్చారు. పక్కింటి మలయాళీ ఆవిడ పిల్లాడి కోసం కలత్తప్పం చేసి తెచ్చింది. బియ్యప్పిండి, బెల్లప్పాకం, నేతిలో వేయించిన కొబ్బరి ముక్కలు, చిన్న ఉల్లిపాయలు వేసిన మందపాటి రొట్టె. ఎలా చేశారని అడిగితే ఇప్పుడు కుక్కర్లో చేస్తున్నామని, వాళ్ల అమ్మ కాలంలో మూత మీద నిప్పులు పోసేవారని చెప్పింది. వదినా నేనూ మొహాలు చూసుకున్నాం.

మూత మీద నిప్పుల సంగతి అక్కడితో ఆగలేదు. గోవాలో బెబింకా అని ఉంది. కొబ్బరిపాలు, గుడ్ల పచ్చసొన, పంచదార, నెయ్యి కలిపి, ఒక్కొక్క పొరా పోస్తూ పైనుంచి నిప్పుల వేడితో కాలుస్తారు. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అటు ఫిలిప్పీన్స్‌లో బిబింకా ఉంది. బియ్యప్పిండి, కొబ్బరిపాలు, అరిటాకు పరిచిన మట్టిపాత్ర, కిందా పైనా నిప్పులు. క్రిస్మస్ రోజుల్లో వాళ్లకి అది ఉండి తీరాలి. కొబ్బరిచెట్టు ఉన్న ఇన్ని తీరాల్లో ఇదే పద్ధతి! కేకుని దొరల తిండి అని ఇకమీదట ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కేరళలో తలశ్శేరిలో మాంబల్లి బాపు అనే బేకరీ ఆయన, మర్డాక్ బ్రౌన్ అనే దాల్చినచెక్క తోటల దొర తెచ్చిచ్చిన నమూనా చూసి 1883లో క్రిస్మస్ కేకు చేశాడని చెబుతారు. దానిలోకి ఫ్రెంచి బ్రాందీ తెమ్మంటే, జీడిమామిడి పళ్లు, అరటిపళ్లు పులియబెట్టిన సారా పోశాడట. మన చేతికి అందినదాంతో మన కేకు చేసుకోవడం నాటి నుంచీ ఉన్నదే.

పుట్టినరోజు నాటి రెండో వంటకం పుడ్డింగు. అది కేకు కంటే కూడా తేలిక. గిన్నెలో నాలుగు చెంచాల పంచదారను నీళ్లు లేకుండా కరిగించి, తేనె రంగు దాటి ముదరగానే దించేయాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే చేదు. అది గిన్నె అడుగున గట్టిపడ్డాక, మూడు గుడ్లు, రెండు కప్పుల పాలు కొబ్బరిపాలు సగం సగం, అరకప్పు పంచదార, జాజికాయ అరగదీసింది కాస్త కలిపి వడకట్టి పోసి, మూత పెట్టి, ఆవిరి మీద అరగంట. మంట సన్నగా ఉండాలి, నీళ్లు తెర్లితే పుడ్డింగు నిండా చిల్లులు పడతాయి. చల్లారాక పళ్లెంలో బోర్లిస్తే జున్నులా వణుకుతూ దిగి, పైనుంచి పాకం కారింది. పెద్దవాళ్లు దాన్నే మళ్లీ మళ్లీ అడిగారు.

డిసెంబరు కావడంతో ఐదు దాటేసరికి చీకటి పడిపోయింది. తూర్పున అంత దూరాన ఉన్నా గడియారం మనదే కదా. కరెంటు పోయింది, ఎవరూ పట్టించుకోలేదు. పైన క్రీము పూయలేదు. ఆ ఉక్కకి వెన్న నిలవదు. వేయించిన కొబ్బరి కోరు, కాస్త పంచదార పొడి చల్లి, మధ్యలో ఒక కొవ్వొత్తి. పిల్లాడు కేకు కంటే ముందు కొవ్వొత్తి పట్టుకోబోయాడు. ముక్క నోట్లో పెట్టుకుంటే ముందు దాల్చినచెక్క, తర్వాత కొబ్బరి, చివర్న ఆ నిప్పుల కాలిన వాసన. మైనంలాంటి క్రీము కేకులే తింటూ పెరిగినదాన్ని, నాలుగు ముక్కలు తిన్నాను!

ఇంటికొచ్చాక మా అమ్మని పట్టుకుని అటక మీది రొట్టెగిన్నె దింపించాను. నాన్నగారి షష్టిపూర్తి దగ్గర పడింది. ఆ రోజు పెద్దవాళ్లు గుడ్డు ముట్టరు కనుక వదిన పెరుగు కేకు చెప్పింది. కప్పు గట్టిపెరుగులో అరచెంచా వంటసోడా, చెంచా బేకింగ్ పౌడర్ వేసి ఐదు నిమిషాలు ఉంచితే పెరుగు పులుపుకి సోడా కలిసి బుసబుసా పొంగుతుంది. అందులో ముప్పావు కప్పు పంచదార, అరకప్పు నూనె, ఒకటిన్నర కప్పుల మైదా, యాలకుల పొడి. గుడ్డు లేకపోయినా గుల్లగా వస్తుంది. గ్యాసు మీద చేసేవాళ్లు కుక్కర్ మూతకి రబ్బరు, విజిలు రెండూ తీసేయాలి, లోపల నీళ్లు పోయకూడదు, అడుగున ఉప్పు ఉండాలి, మంట సన్నగా నలభై నుంచి యాభై నిమిషాలు. పైన నిప్పులు పెట్టదలచుకుంటే మాత్రం పెరట్లోనే, తలుపులు మూసిన వంటింట్లో బొగ్గులు వద్దు. దాల్చినచెక్క పంపమని వదినకి ఫోన్ చేశాను. వచ్చే ఓడకి వేస్తానంది, జాజికాయలు కూడా.