పసుపూ వెలుగూ

మాఘమాసంలో అరకు వైపు వెళ్ళినవారు ఈ దృశ్యం చూసే ఉంటారు. గిరిజన గూడేలలో ఉడికించిన పసుపు కొమ్ములను ఇళ్ళ ముందు ఎండబోస్తారు. పొగమంచు విడి ఎండ పడగానే వాకిళ్ళన్నీ బంగారు రంగు తిరుగుతాయి. ఆ పసుపును నమ్మి నేనొక పొరపాటు చేశాను. అది ఒప్పుకోవడానికే ఈ నాలుగు మాటలూ.

మా అమ్మ ఉపాధ్యాయినిగా పదవీవిరమణ చేశాక కూడా అరకులోనే ఉండిపోయింది. కట్టుడుపళ్ళూ, ఉబ్బసానికి పీల్చే స్టిరాయిడ్ మందూ ఆమెకు నిత్యసహచరులు. ఒక చలికాలం ఆమె నాలుక మీద పెరుగు తరకల వంటి తెల్లని పొర కట్టింది. కారం తగిలితే మంట. "పసుపు రాస్తున్నానురా, అదే పోతుంది" అంది ఫోనులో.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను కాంతిచికిత్స గురించి చదువుతున్నాను. మ్యూనిక్ నగరంలో ఆస్కార్ రాబ్ అనే వైద్యవిద్యార్థి ఒక వింత గమనించి 1900లో ప్రకటించాడు. అక్రిడిన్ అనే రంగుద్రవ్యం కలిపిన నీటిలో సూక్ష్మజీవులు చీకట్లో బతికాయి, వెలుతురులో చచ్చాయి. రంగు కాంతిని గ్రహించి ఆ శక్తిని ప్రాణవాయువుకు అందిస్తుంది. అలా ఉద్రేకం పొందిన ప్రాణవాయువు క్షణంలో వెయ్యో వంతు కూడా నిలవదు, కానీ ఆ లోపలే పక్కనున్న జీవకణపు పొరను చీల్చేస్తుంది. నోటిలో తెల్లపూతకు కారణమైన కాండిడా అనే శిలీంధ్రం మీద ఈ ఉపాయాన్నే ప్రయోగిస్తున్నారు. మిథిలీన్ బ్లూకు ఎర్రని కాంతి కావాలి. పసుపులోని కర్క్యుమిన్‌కు నీలికాంతి కావాలి. కర్క్యుమిన్‌తో బ్రెజిల్ పరిశోధకులు చిట్టెలుకల నోళ్ళలో చేసిన ప్రయోగం 2013లో వెలువడింది. శిలీంధ్రం గణనీయంగా తగ్గింది.

మా కొండల పసుపుకు ఇంతటి గౌరవమా అని నా మనసు పొంగిపోయింది. "రాయమ్మా, శాస్త్రజ్ఞులు కూడా అదే అంటున్నారు" అన్నాను. శాస్త్రజ్ఞులు అన్నది అది కాదు. కొలిచి కరిగించిన కర్క్యుమిన్, కొలిచిన నీలికాంతి, కొలిచిన నిమిషాలు - ఈ మూడూ కలిస్తేనే అన్నారు. కర్క్యుమిన్ నీటిలో సరిగా కరగనైనా కరగదు. మూసిన నోట్లో, చీకట్లో, అమ్మ రాసుకున్న పసుపు ఉత్త పసుపే.

మూడు వారాలకు నేను వెళ్ళేసరికి ఆమె గంజి తప్ప ఏమీ తాగడంలేదు. చేతిగాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అనంతగిరి ఘాటు దిగి విశాఖపట్నం తీసుకువెళ్ళాను. దంతవైద్యుడు నోరు చూసి క్లోట్రిమజోల్ పూతమందు రాశారు. రాత్రిపూట కట్టుడుపళ్ళు తీసి శుభ్రంచేసి ఉంచమన్నారు, మందు పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించమన్నారు. కాంతిచికిత్స సంగతి నేనే ఎత్తాను. ఆయన నవ్వి, మామూలు మందులకు లొంగని శిలీంధ్రాలు పెరుగుతున్నందున ఆ పరిశోధన అవసరమేననీ, మా అమ్మకు మాత్రం ఈ మందు చాలుననీ అన్నారు. పది రోజుల్లో నాలుక తేటపడింది.

తిరిగి వచ్చాక ఒకనాడు జరిగినదంతా అమ్మకు చెప్పి, తప్పు నాదేనన్నాను. ఆమె అప్పుడే తడిపిన పసుపుబట్టను చూరుకింద నీడలో ఆరవేస్తున్నది. ఎండ ఉండగా నీడలో ఎందుకని అడిగాను.

"ఎండలో వేస్తే పసుపు వెలిసిపోదట్రా? వెలుగు పడితే పసుపు నిలవదు. ఆమాత్రం నన్నడిగితే నేనే చెప్పేదాన్ని కదా!"

కాంతి తగిలితే కర్క్యుమిన్ విచ్ఛిన్నమవుతుందని నేను చదివిన వ్యాసాలలోనూ ఉంది. అమ్మకు తెలిసినదీ నేను చదివినదీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూడటానికి, నాకు ఆమె మూడు వారాల పస్తు కావలసివచ్చింది.