బస్తరు డోలు - అడవి గొంతు

గోదావరిని దాటి ఉత్తరంగా సాగితే ఇంద్రావతీ నది పారే బస్తరు సీమ వస్తుంది. కాకతీయ సామ్రాజ్యం పతనమైన పిమ్మట ఓరుగల్లు నుండి వెళ్ళిన అన్నమదేవుడు ఇక్కడ రాజ్యం స్థాపించాడు. అయితే గోండులు తమ గాథలలో తలచుకొనేది రాజులను కాదు. పద్దెనిమిది వాద్యాలను ఒక్కడే మ్రోగించిన లింగో దేవుని.

ఆ వాద్యాలలో మిన్న డోలు. దండామి మారియా పురుషులు తలపై అడవిదున్న కొమ్ములు, ముఖం మీదికి జారే గవ్వల జాలరు ధరించి, మెడలో పెద్ద డోలు వ్రేలాడదీసుకొని నృత్యం చేస్తారు. స్త్రీలు ఇనుప గజ్జెల కర్రను నేలకు తాటిస్తూ లయ కలుపుతారు. ఈ నృత్యం గంటల తరబడి సాగుతుంది. కావున డోలుకు కర్ర ఎంచుకోవడం చిన్న విషయం కాదు.

బస్తరులో ప్రసిద్ధమైన చెట్టు సాల వృక్షం. జగదల్‌పూరు దసరా రథానికి అదే ఆధారం. కాని సాల కర్ర మిక్కిలి బరువు. ఆరేటప్పుడు పగుళ్ళిచ్చే స్వభావం కలది. మొద్దును తొలిచి చేసే డోలుకు అది అనువైనది కాదు. అక్కడివారు సివనా అనే చెట్టు మనకు గుమ్మడి టేకు. అది తేలిక, ఉలికి సులభంగా లొంగుతుంది, ఆరిన తరువాత వంకర పోదు. బీజా అనేది మన వేగిస. అది బరువైనా దృఢమైనది, చాలాకాలం మన్నేది. బెరడుపై గాటు పెడితే ఎర్రని జిగురు స్రవిస్తుంది. చేవ బంగారు వన్నెగల గోధుమ రంగులో ఉంటుంది. భుజానికి సుఖం సివనా, కంటికి ఇంపు బీజా.

డోలులో మ్రోగేది చర్మమే అయినా దానిని సరిగా మ్రోగనిచ్చేది కర్ర. గుండ్రని అంచు వంకర పోతే చర్మం ఒకవైపు బిగిసి, మరొకవైపు సడలుతుంది. గోడ పగిలితే నాదం చెదరుతుంది. బొబ్బిలి వీణకు పనసను ఎన్నుకొన్నట్లే ఇక్కడా ఎంపికకు కారణముంది. పాశ్చాత్యుల ఎలక్ట్రిక్ గిటారులో ఉక్కు తీగల కంపనాన్ని అయస్కాంతపు చుట్ట గ్రహిస్తుంది. అందుచేత దాని నాదంలో కర్రకు ఎంత పాలున్నదో వాద్యకారులు నేటికీ వాదించుకొంటారు. చాలామంది నారల అందం చూచి కొంటారు. బస్తరు డోలుకు విద్యుత్తు సాయం లేదు. మైదానం ఆవలివరకు వినిపించవలసినది దాని సొంత గొంతే.

ఆ గొంతుకు మూలం అడవి. 1910లో బస్తరులో చెలరేగిన భూమ్‌కాల్ తిరుగుబాటుకు అడవులను రిజర్వు చేయడం ఒక ముఖ్య కారణం. 1970ల నాటి మరొక పథకం సాల వనాలను నరికి, కాగితపు గుజ్జు కోసం పైను చెట్లు నాటదలచింది. ప్రజలు ప్రతిఘటించారు, పథకం విరమించబడింది. పైను తోటలో కాగితం పండవచ్చు, డోలు పండదు.

గుమ్మడి టేకు త్వరగా ఎదుగుతుంది. దానిని తోటలుగా పెంచవచ్చు. వేగిస అటువంటిది కాదు. దానికి చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. విచ్చలవిడి నరికివేత వలన నేడది అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ముప్పుకు చేరువైన జాతిగా నమోదై ఉన్నది. డోలుకు సరిపోయే లావు రావాలంటే ఆ చెట్టును కనీసం ఒక తరం నరకకుండా విడిచిపెట్టాలి. తాత దయతలచి వదిలిన మానులోనే మనుమని డోలు మ్రోగుతుంది.