రెండు పిడుల ట్యాబ్

మొన్న మే నెలలో మా తమ్ముడు డల్లాస్ నుంచి పిల్లల్ని తీసుకుని వచ్చాడు. సూట్‌కేసులోంచి చాక్లెట్ల కంటే ముందు బయటికొచ్చింది నింటెండో స్విచ్. మా వాడి కళ్లు మెరిశాయి. నాకు గుండె గుభేలుమంది. కరోనాలో ఆన్‌లైన్ క్లాసులకని కొన్న ట్యాబ్ మా ఇంట్లో చేసిన నిర్వాకం చాలదూ! అది వచ్చిన దగ్గర్నుంచీ నా పిల్లలిద్దరూ ఒకే సోఫాలో కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. చెల్లి చేతిలో ఉంటే అన్నకి ఉక్రోషం, అన్న చేతిలో ఉంటే చెల్లికి ఏడుపు.

"ఇదీ ట్యాబే కదరా! అటో పిడి, ఇటో పిడి తగిలించారు, అంతేగా" అన్నాను.

"సగం నిజమే అక్కా" అన్నాడు తమ్ముడు. 2017లో వచ్చిన స్విచ్‌లోది టెగ్రా ఎక్స్1 అనే చిప్. అదే చిప్‌తో గూగుల్ వాళ్లు 2015లోనే ఓ ట్యాబ్ అమ్మారట. తెర 6.2 అంగుళాలు, అదీ 720పి. అప్పటికే అంతకన్నా మంచి తెరలున్న ట్యాబులు బోలెడు.

"మరింకేం కొత్త?" అన్నాను, గెలిచినట్టు. వాడు నవ్వి ఊరుకున్నాడు.

రెండ్రోజుల తర్వాత మధ్యాహ్నం పిల్లలు టీవీలో కార్ల పందెం ఆడుతుండగా కరెంటు పోయింది. ఇక ఇల్లు పీకి పందిరేస్తారనుకుంటూ వంటింట్లోంచి వచ్చాను. మా మేనల్లుడు టీవీ పక్కనున్న స్టాండులోంచి దాన్ని పైకి లాగాడు. పందెం ఆ చిన్న తెర మీదికి వచ్చేసింది! వసారాలో చాప పరిచి, స్టూలు మీద దాన్ని నిలబెట్టి, పిడులు రెండూ ఊడదీసి ఒకటి మా వాడికి, ఒకటి మా అమ్మాయికి ఇచ్చాడు. అడ్డంగా పట్టుకుంటే ఏ పిడికి ఆ పిడే ఆడుకునే కంట్రోలర్. అన్నాచెల్లెళ్లు భుజాలు రాసుకుంటూ కూర్చుని కేకలు పెట్టారు. ఎన్నాళ్లయిందో అలా చూసి! మా అత్తయ్యగారు కూడా కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

బీఏలో మా మాస్టారు అనేవారు, మాటలన్నీ నిఘంటువులోవే, పద్యం మాత్రం కవిది అని. ఆ వసారాలో అది గుర్తొచ్చింది. ట్యాబ్ చేసినవాళ్లు ఒక మనిషినే ఊహించుకున్నారు. దీన్ని చేసినవాళ్లు పక్కన ఇంకొకరు ఉంటారనుకుని, వాళ్ల వాటా కూడా అదే డబ్బాలో పెట్టారు. 2019లో స్విచ్ లైట్ అని ఇంకోటి తెచ్చారట. దానికి పిడులు ఊడవు, టీవీకీ తగలదు. అది మాత్రం నా లెక్కలో రెండు పిడుల ట్యాబే!

అలాగని ట్యాబ్‌ని తీసిపారేయను. అమ్మాయి పాఠాలు, మా అమ్మతో వీడియో కాల్, నా పాత పత్రికలు అన్నీ అందులోనే. స్విచ్ ముఖ్యంగా ఆటలకే, పైగా కొత్త ఆటలు ఖరీదెక్కువట.

జూన్‌లో వాళ్లు వెళ్లిపోయారు, స్విచ్ కూడా వెళ్లింది. ట్యాబ్ తగాదాలు మళ్లీ మొదలు. స్విచ్ 2 వచ్చిందని తెలిసి, నిన్న రాత్రి అందరూ పడుకున్నాక అమెరికాలో అది విడుదలైనప్పటి ధర చూశాను. 449.99 డాలర్లు! రూపాయల్లోకి మార్చి చూసుకుని, తమ్ముడికి టైపు చేసిన మెసేజ్ చెరిపేశాను. పొద్దున్న మళ్లీ టైపు చేశాను. ఇంకా పంపలేదు.