తోసేవాళ్ళు అక్కర్లేని బండి

ఇంజను లేదు. పెట్రోలు అక్కర్లేదు. హారను అసలే లేదు. అయినా అది రేసు కారే! వాలు మీద పెట్టి వదిలితే భూమే తనవైపు లాక్కుంటుంది. అమెరికాలో ఈ పందేన్ని సోప్ బాక్స్ డెర్బీ అంటారు. వెనకటికి పిల్లలు సబ్బుల పెట్టెలకి చక్రాలు తగిలించుకుని వాలు రోడ్ల మీద జారేవాళ్ళు. పేరు అలా నిలిచిపోయింది. 1933లో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో అలాంటి పందెం చూసి మైరన్ స్కాట్ అనే పత్రికా ఫోటోగ్రాఫరు ముచ్చటపడ్డాడు. మరుసటేడు దేశం మొత్తానికీ పోటీ పెట్టారు. 1935లో అది ఆక్రన్‌కి మారింది. అక్కడ దీనికోసమే కట్టిన వాలుబాట ఉంది. పొడవు 989 అడుగుల 4 అంగుళాలు. పైనుంచి కిందికి అర నిమిషం కూడా పట్టదు. పొంగే పాలగిన్నె దింపి, గట్టు తుడుచుకునేలోగా పందెం అయిపోతుందన్నమాట!

ఒహాయోలో ఉంటున్న మా చెల్లెలి కూతురు కిందటేడు కారు కట్టుకుని, వాళ్ళ ఊరి పోటీలో నడిపింది. ఓడిపోయింది, అది వేరే సంగతి. ఆ కారు ఫోటోలూ, టేపు పెట్టి తీసిన కొలతలూ పంపి, "పెద్దమ్మా, దీని బొమ్మ చేసిపెట్టవూ?" అంది. నవలల్లో మనుషుల్నే తయారుచేసేదాన్ని, కారు ఓ లెక్కా అని ఒప్పేసుకున్నాను.

కొన్న ముక్కలు అతికించే రకం కాదు ఇది. ప్రతి ముక్కా మనమే చెయ్యాలి. అడుగుకి అంగుళం లెక్క పెట్టుకున్నాను. అసలు చక్రం 12 అంగుళాలు కాబట్టి నాది ఒక్క అంగుళం. అమ్మ గుండీల డబ్బాలో పాత స్వెట్టరు గుండీలు నాలుగు సరిగ్గా సరిపోయాయి. కాల్చిన సూదితో నడిమధ్య బెజ్జం పెట్టాను. ఇరుసులకి సైకిలు చువ్వ. ఒంటికి బాల్సా చెక్క. బ్లేడుతో చెక్కి, ఉప్పుకాగితంతో రుద్దీ రుద్దీ ముక్కుని కోసుగా తెచ్చాను. స్టీరింగుకి అసలు కారులో ఉక్కుతీగ, నా కారులో పూలు కట్టే దారం. బ్రేకంటే నేలని అదిమిపట్టే రబ్బరు దిమ్మ. ఓ హవాయి చెప్పు దానికి బలైంది. గోళ్ళరంగు సీసాలు రెండు ఖర్చయ్యాయి.

అన్నిటికన్నా ఇరుసులు బిగించడం కష్టం. వెంట్రుకవాసి వంకరున్నా బండి పక్కకి లాగుతుంది, వేగమంతా ఆ లాగుడుకే పోతుంది. ముక్కు కొస నుంచి ముందు ఇరుసు రెండు చివరలకీ దారంతో కొలిస్తే సమానం రావాలి. ఆపైన ఈ మూల నుంచి ఆ మూలకి కొలుచుకోవాలి, ముగ్గులో గళ్ళు సరిచూసుకున్నట్టే. బరువుకీ లెక్కుంది. కారూ, నడిపేవాళ్ళూ కలిపి ఇంతకు మించకూడదని పరిమితి. బక్కపిల్లలు కారులో అదనపు బరువు పెట్టుకోవచ్చు. ఇంకేం, కండబలంతో పనేముంది చెప్పండి?

అలాంటి ఆటలోకి ఆడపిల్లల్ని 1971 దాకా రానివ్వలేదు! వచ్చిన నాలుగేళ్ళకే, 1975లో, కారెన్ స్టెడ్ అనే 11 ఏళ్ళ పిల్ల గెలిచి కూర్చుంది.

ఆ సంగతి చదివినప్పుడు విశాఖపట్నంలో మా చిన్నప్పటి వీధి గుర్తొచ్చింది. మా అన్నయ్య మెకానిక్కు షెడ్డు నుంచి పాత బేరింగులు తెచ్చి, పలకకి బిగించి బండి చేశాడు. గరగరమంటూ వాలు దిగేవాడు. నేనూ చెల్లీ ఎక్కుతామంటే, "మోకాళ్ళు చీరుకుపోతే రేపు మిమ్మల్నెవరు చేసుకుంటారే?" అని అమ్మ కేకలేసేది. కిందికి దిగిన బండిని మళ్ళీ పైదాకా తోసుకొచ్చే పని మాత్రం మా ఇద్దరిదే. తోసేటప్పుడు మా మోకాళ్ళు ఎవరికీ గుర్తురాలేదు. కూతురు కారు దిగి వస్తుంటే మా చెల్లెలు బాట చివర నిలబడి ఏడ్చిందట. ఓడినందుకు కాదని నాకు తెలుసు.

అమ్మకిప్పుడు డెబ్భై దాటాయి. చక్రాలు బిగించిన రోజు ఇస్త్రీ బల్లని ఒక పక్క ఎత్తి, కారుని పైన పెట్టి వదిలాను. తిన్నగా జారి, అవతల కూర్చున్న అమ్మ ఒళ్ళో పడింది. అమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది.

"కూర్చునేచోట ఎవరూ లేరేమే?"

హెల్మెట్టు పెట్టుకున్న తల ఇంకా చెయ్యాలన్నాను.

"దానికి జడలున్నాయా?"

"లేవమ్మా, జుట్టు కత్తిరించుకుంది."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత గుండీల డబ్బాలోంచి నల్లదారం ఉండ తీసి నా చేతిలో పెట్టింది.

"అయినా రెండు జడలు వెయ్యి. చిన్నప్పుడు మీ ఇద్దరికీ అలాగే వేసేదాన్నిగా," అంది.