అరువది చీట్ల పేక

పేక యను మాట వినబడినంతనే మన క్రైస్తవ కుటుంబములలోని పెద్దలకు నొసలు ముడివడును. అది వింత గాదు. పేకముక్కలచే భూము లమ్ముకొన్నవారిని, పండుగనాటి జీతమును రాత్రికి రాత్రి పోగొట్టుకొన్న రేవు కూలీలను మన పాత పట్టణపు సంఘములలోని వృద్ధు లెరుగుదురు. ఇక ఆ చీట్లమీద మాంత్రికులును, రాక్షసులును, పిడుగులును చిత్రింపబడియున్నచో చెప్పవలసిన దేమున్నది? మా పాఠశాలలో పై తరగతుల బాలురు కొందరు మధ్యాహ్న విరామమున నాడుచున్న యాట యట్టిదే. దాని పేరు 'మేజిక్: ది గాదరింగ్'. ఒక విద్యార్థి తల్లి మిషను బడిలో మంత్రముల యాట యెట్లు సాగుచున్నదని యడుగుచు జాబు వ్రాసినది. ప్రధానోపాధ్యాయులవారు ఆ జాబును మా చేతికిచ్చి, విచారించి చెప్పుడనిరి. విచారించి తెలిసికొన్న సంగతులను ఈ పుటలలో తల్లిదండ్రుల యెదుట నుంచుట యుక్తమని తోచినది.

చీట్లపై పురాణపురుషులను వ్రాసి యాడుట మన దేశమునకు క్రొత్త గాదు. మొగలు చక్రవర్తి బాబరు 1527లో సింధుదేశపు ప్రభువునకు గంజీఫా చీట్లు పంపినట్లు తన స్వీయచరిత్రమున వ్రాసికొనెను. ఆ గుండ్రని చీట్లు తరువాతి కాలమున కర్నూలు సీమలోని నొస్సమునను, నిర్మలలోను, మనకు ఉత్తరముననున్న పర్లాకిమిడిలోను చిత్రకారుల చేతులలో క్రొత్త రూపములు దాల్చినవి. (పర్లాకిమిడి 1936లో ఒడిశాలో చేరినది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులై యుండిన యూరదియే. వారు మా యీ గ్రాంథికమును చదివియున్న నేమనియుందురో!) దశావతార గంజీఫాలో 10 జాతులు, జాతికి 12 చీట్లు, వెరసి 120. ప్రతి జాతికి రాజును మంత్రియు నుందురు. సగము జాతులలో పది పెద్దది, తక్కిన సగములో ఒకటి పెద్దది. పగటివేళ రామావతారముతోను, రాత్రివేళ కృష్ణావతారముతోను ఆట యారంభింతురు. కాని ఆ యాటలో కట్ట యొక్కటే. ఆడువారందరును ఆ యొక్క కట్టనుండియే చీట్లు పంచుకొందురు.

1993లో అమెరికాలో ఈ క్రొత్త యాటను కల్పించిన రిచర్డ్ గార్ఫీల్డ్ చేసిన మార్పు అక్కడనే యున్నది. ఆయన యాటలో ఎవరి కట్ట వారు ముందుగ ఇంట కూర్చుకొని వత్తురు. గార్ఫీల్డ్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున గణితశాస్త్రమునందు డాక్టరు పట్టము పొందినవాడు. కొంతకాలము కళాశాలలో గణితము బోధించినవాడు. లెక్కల మాస్టరు కల్పించిన యాటయని వినగానే మాకు కొంత పక్షపాతము కలిగినదన్న మాట దాచనేల?

ఆట యిట్టిది. ఇద్దరు బాలురు ఎదురెదురుగ కూర్చుందురు. ఒక్కొక్కనికి 20 ప్రాణములు లెక్క. చేతిలో మొదట 7 చీట్లు. మైదానము, ద్వీపము, బురదనేల, కొండ, అడవి యని అయిదు విధముల నేలచీట్లు కలవు. వంతుకు ఒక నేలచీటిని మాత్రమే పరువవచ్చును. ఆ నేలలు శక్తి నిచ్చును. ఆ శక్తిని వెచ్చించి మంత్రమునో, మృగమునో, వీరునో దింపవలెను. ఎదుటివాని 20 ప్రాణములు సున్న చేసినవాడు గెలిచినట్లు.

ఇంతమాత్రమే యైనచో బలమైన చీటి గలవాడే గెలుచును. అట్లు కాకుండ చేయు నియమ మొకటి కలదు. ఒకడు మంత్రము వేసినంతనే అది ఫలింపదు. ఎదుటివానికి బదులు పలుకుట కవకాశ మీయవలెను. అతడు వేసిన, మొదటివాడు మరల వేయవచ్చును. ఇట్లు ఒకదానిపై నొకటి పేర్చబడిన పిమ్మట, ఇద్దరును చాలునన్నప్పుడు, పైదానినుండి క్రిందికి వరుసగ ఫలించును. కడపట పలికినది ముందుగ జరుగును. ఆట పుట్టిన యారేండ్లకు, 1999లో, ఈ నియమము నేటి రూపమున స్థిరపడినది.

ఓడ గిడ్డంగిని చూచిన విశాఖపట్టణ వాసికి ఇది వేరుగ బోధింప నక్కరలేదు. మన రేవు 1933లో తెరువబడిననాటినుండియు ఇచ్చటి వారికి తెలిసిన సంగతియే. కడపట దింపిన పెట్టె పైన నుండును. బయటికి ముందు రావలసినదియు నదియే. ఏ రేవున నేది దింపవలయునో ముందాలోచింపక యెక్కించినచో, క్రింది పెట్టెకొరకు పైవన్నియు నెత్తి మరల పేర్చవలసివచ్చును. క్రేను నడుపువాని కుమారు డొకడు మేమీ పోలిక చెప్పకమునుపే, "మా నాన్నకి రోజూ ఇదే ఆట కదా మాస్టారూ" అనెను.

ఉదాహరణము చూడుడు. ఒక బాలునికి ఎలుగుబంటి చీటి కలదు. దాని బలము 2, ఓర్పు 2. అతని చేతిలో 'జయంట్ గ్రోత్' అను మంత్రము కలదు; అది ఆ వంతు ముగియువరకు ఒక జంతువునకు బలమును ఓర్పును మూడేసి పెంచును. ఎదుటివాని చేతిలో 'లైట్నింగ్ బోల్ట్', అనగా పిడుగు, కలదు; దాని దెబ్బ 3. ఎదుటివాడు ముందుగ పిడుగు వేసెననుకొనుడు. ఎలుగుబంటివాడు దానికి బదులుగ తన వృద్ధిమంత్రము వేయును. కడపటిది గనుక వృద్ధియే ముందు ఫలించును. ఎలుగు 5 ఓర్పు గలదగును. పిడుగు పడినను బ్రదుకును. ఇప్పుడు వరుస మార్చుడు. ఎలుగుబంటివాడు తొందరపడి వృద్ధిమంత్రమును ముందే వేసెను. ఎదుటివాడు బదులుగ పిడుగు వేసెను. పిడుగే ముందు పడును. ఎలుగు చచ్చును. వృద్ధి పొందుటకు ఎలుగు మిగులదు. చీట్లు రెండును అవియే. ముందు నోరు తెరచినవానికే నష్టము కలిగినది. తరగతిలో ప్రశ్న పూర్తికాకమునుపే చేయి యెత్తి కేకవేయు బాలుడొకడు ఈ యాటలో పదిదినము లోడిపోయి, పదునొకొండవ దినమున చీటిని చేతిలోనే యుంచుకొని కూర్చుండుట మేము కన్నులార చూచితిమి.

ఇక కట్ట కట్టుట. ఆటలోని సగము విద్య యిచ్చటనే యున్నదని మా యభిప్రాయము. కట్టలో 60 చీట్లకు తక్కువ యుండరాదు. సాధారణమైన నేలచీట్లు తప్ప ఒకే పేరుగలవి నాలుగింటికి మించరాదు. ఎక్కువ యుంచుకొనవచ్చును గాని తెలిసినవా డుంచడు. ఏలయన, 60 చీట్ల కట్టలో ఒక పేరుగలవి నాలుగున్నచో మొదటి 7 చీట్లలో వానిలో నొకటైనను వచ్చుట నూటికి సుమారు 40 మారులు. కట్టను 100 చీట్లకు పెంచినచో అదే 25కు దిగును. మాకు నచ్చినదెల్ల చేర్చుకొంటిమని సంతసించు బాలుడు తనకు మిక్కిలి కావలసినదానిని తానే దూరము చేసికొనుచున్నాడు. ఈ లెక్కను పదియవ తరగతి బాలురు సంభావ్యత పాఠము కాకమునుపే మా బల్లయొద్దకు తెచ్చిరి.

ఒకడు తన కట్టను డ్రాగనులతో నింపెను. 'శివన్ డ్రాగన్' అను చీటి బలము 5, ఓర్పు 5, ఎగురగలదు. చూచుటకు బహు గంభీరము. కాని దానిని దింపుటకు ఆరు నేలలు కావలెను. పాపము, అయిదవ వంతునకే వాని ప్రాణములు ముగిసినవి. డ్రాగనులు నాలుగును చేతిలోనే యుండెను. వానిని గెలిచినవాడు వాడినది 'లానోవర్ ఎల్వ్స్' అను అడవిజాతి చీటి. దాని బలమొకటి, ఓర్పొకటి. అయినను ఒక్క నేలతో దిగి, మరుసటి వంతునుండి తానొక నేలవలె శక్తి నిచ్చును. సాధారణముగ 60లో 24 నేలలుంతురు. అప్పుడు మొదటి 7 చీట్లలో సరాసరి 2.8 నేలలు వచ్చును. నేలలు తక్కువైన చేతిలో మంత్రములుండియు పలుకలేడు. ఎక్కువైన పలుకుటకు మంత్రమే యుండదు. మన యుక్కు కర్మాగారమున గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యను పేర్లుగల కొలుములు కలవు. ఇనుపరాయి యొక్కటే యెంత పోసినను వానినుండి ఇనుము రాదు. కోకును సున్నపురాయియు తగు పాళ్లలో చేరవలెను. ఆ పాళ్లు తెలిసిన తండ్రుల పిల్లలు కట్ట కట్టుటలో కొంత ముందున్నట్లు మాకు తోచినది. బహుశః అది మా భ్రమయు కావచ్చును.

ఇప్పుడు ఆ తల్లి భయమునకు వత్తము. దానిని మేము నవ్వి త్రోసివేయలేదు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయమున ఎఫెసు పట్టణపు మాంత్రికులు తమ పుస్తకములను తెచ్చి బహిరంగముగ కాల్చివేసిరని యున్నది. వాని వెల 50,000 వెండి నాణెములు. ఆ పుస్తకములు ఇతరులను వశపరచుకొందుమని నమ్మి, నమ్మించి, దానిచే ధనము గడించినవారివి. ఈ బాలురలో ఏ యొక్కడును చీటివలన బయటి లోకమున పిడుగు పడునని నమ్మడు. మంత్రమని పేరున్నంతమాత్రమున దూష్యమైనచో, 1950లో సి. ఎస్. లూయిస్ వ్రాసిన నార్నియా కథను, అందొక మంత్రగత్తె యున్నది గనుక, మన గ్రంథాలయమునుండి తీసివేయవలసివచ్చును. ఈ వివాద మితరత్రను జరిగినదే. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమునందలి బెడ్‌ఫర్డ్‌లో కొందరు కథోలిక తల్లిదండ్రులు ఈ యాటను బడిలో ఆడనిచ్చుట తమ మతమునకు విరుద్ధమని వ్యాజ్యము వేసిరి. 1999లో న్యాయస్థానము వారి ఫిర్యాదులలో కొన్నింటిని అంగీకరించియు ఈ యాటను గూర్చినదానిని అంగీకరింపలేదు. తీర్పు ఎట్లున్నను, భయంకరమైన బొమ్మలుగల చీట్లు కొన్ని కలవు. అవి చిన్నపిల్లల కంట పడదగినవి కావు.

మా మనస్సును కలతపెట్టినది మంత్రము గాదు, పొట్లము. ఈ చీట్లు మూసిన పొట్లములలో అమ్మబడును. తొలినాళ్ల పొట్లములో 15 చీట్లుండెడివి. అందు అరుదైనది ఒక్కటి. ఏది వచ్చునో కొన్నవాడు ఎరుగడు. ఒక్కొక్క పొట్లమునకు వందల రూపాయలగును. 1993 నాటి 'బ్లాక్ లోటస్' అను నొక చీటి 2021లో వేలమున 5 లక్షల డాలర్లకు పైగా పలికినదని చెప్పుచు బాలుర కన్నులు మెరయుట మేము గమనించితిమి. సికిందరాబాదులోని యొక క్లబ్బునుగూర్చిన వ్యాజ్యమున సుప్రీము కోర్టువారు 1967లో ఒక భేదము చూపిరి. మూడుముక్కలాట కేవలము ప్రాప్తముపై నాధారపడినది. రమ్మీలో ఏది యుంచుకొనవలెనో ఏది పారవేయవలెనో యెరుగు నేర్పు కావలెనని. (అయినను పందెపు సొమ్ముచే ఇండ్లు మునుగుచున్నవని మన రాష్ట్రమున 2020లో ఆన్‌లైను రమ్మీని నిషేధించిరి.) ఆ కొలతతో కొలిచినచో, ఈ యాట నాడుట రమ్మీ కంటెను నేర్పుగలది, పొట్లము విప్పుట మూడుముక్కలాటకు చుట్టము.

మా బడిలో అమెరికానుండి మేనమామ పెట్టెడు చీట్లు పంపిన బాలుడు కలడు. చేపలరేవున పనిచేయువాని కుమారుడును కలడు. ఈ రెండవవాడు బంధువుల అచ్చుకూటమున పారవేసిన శుభలేఖల అట్టలను సమముగ కత్తిరించి, వానిపై పేరును, వెలను, బలమును, ఫలమును తెలుగున ముత్యములవంటి యక్షరములతో వ్రాసికొని, 60 చీట్ల కట్ట కట్టి తెచ్చెను. వెంటనే తగవు పుట్టినది.

"రాసుకున్న చీట్లకి విలువేటిరా? అలాగైతే నేనూ అన్నీ పెద్దపెద్దవే రాసుకుంటాను" అని మొదటివాడనెను.

"రాసుకో. అవి దిగేసరికి నీ ప్రాణాలు ఎన్నుంటాయో చూస్తాను" అని రెండవవాడు నెమ్మదిగ బదులు చెప్పెను.

తగవు మాయొద్దకు వచ్చినది. కంపెనీవారు జరుపు పోటీలలో అచ్చుచీట్లే యుండవలెను. స్నేహితులు తమలో తామాడుకొనునపుడు అట్టి నిర్బంధము లేదు. ఇద్దరికిని నియమములొక్కటే, సంఖ్య యొక్కటే, నాలుగింటి హద్దొక్కటే గదా యని చెప్పి యాడింపజేసితిమి. అట్టచీట్లవాడు మొదటి యాట ఓడెను. తరువాతి రెండును గెలిచెను. మూడవ యాటలో అమెరికా చీట్లవాడు వేసిన పిడుగునకు వాడు ఎలుగుబంటిని రక్షించుకొన్న తీరు చూచి, ఓడినవాడే ముందుగ చప్పట్లు కొట్టెను.

ప్రధానోపాధ్యాయులవారికి మేము విన్నవించిన వివి: బడి ఆవరణలో పొట్లము విప్పరాదు, చీటికి డబ్బు పుచ్చుకొనరాదు, వ్రాసిన చీటికి అచ్చుచీటితో సమానమైన మర్యాద యుండవలెను, ఉపాధ్యాయుడు చూచి వలదన్న బొమ్మను ఇంటనే యుంచవలెను. వారంగీకరించిరి. జాబు వ్రాసిన తల్లియు ఒకదినము వచ్చి, కుమారుని ప్రక్కన కూర్చుండి రెండాటలు చూచినది. "లెక్క బాగానే ఉంది మాస్టరుగారూ, బొమ్మలే నాకు నచ్చలేదు" అని లేచిపోయినది. ఆమె కుమారుడును ఇప్పుడు అట్టచీట్లే వాడుచున్నాడు. వానిపై బొమ్మలు లేవు.

అట్టచీట్ల కట్టలు ఈ యేడాది చివరకు అయిదైనవి. పేర్లు తెలుగున పెట్టుటలో మాత్రము పెద్ద చర్చ జరిగినది. ఎదుటివాని మంత్రమును ఫలింపకుండ త్రుంచివేయు 'కౌంటర్ స్పెల్' అను చీటికి మేము 'ప్రతిమంత్రము' అని సూచించితిమి. బాలురందరును మర్యాదగ విని, ఆలోచించి, 'అడ్డుపుల్ల' అని వ్రాసికొనిరి.