మూడు రోజుల ఆఫీసు, ముప్పై రోజుల అద్దె

మా కంపెనీ అడిగింది వారానికి మూడు రోజులే. సోమ, బుధ, శుక్రవారాలు బెంగళూరు ఆఫీసుకు రావాలి, మంగళ, గురువారాలు ఇంటి నుంచి చేసుకోవచ్చు అని మెయిల్ పెట్టారు. మారతహళ్లిలో ఉండేవాళ్లకు అది మంచి కబురే. తిరుపతి బైరాగిపట్టెడలో ఉండే నాకు మాత్రం సోమవారం నుంచి శుక్రవారం దాకా బెంగళూరులోనే ఉండమన్నట్టు. మంగళవారం ఇంట్లో కూర్చుని పని చేయడానికి సోమవారం రాత్రి 250 కిలోమీటర్లు వెనక్కొచ్చి, మంగళవారం రాత్రి మళ్లీ బస్సెక్కే మనిషి ఎవరుంటారు? పేరుకు మూడు రోజులు, ఖర్చుకు ఐదు.

ఈ పిలుపు నా ఒక్కదానికే వచ్చింది కాదు. 2025 నాటికి నాలుగో వంతు మంది ఆఫీసులో ఉంటే చాలని 2020లో చెప్పిన టీసీఎస్సే, 2023 అక్టోబరు నుంచి ఐదు రోజులూ రమ్మంది. మరుసటేడు హాజరును వేరియబుల్ పేకు ముడిపెట్టింది. ఇన్ఫోసిస్ నెలకు పది రోజులంది. అమెజాన్ 2025 జనవరి నుంచి వారం పొడుగునా రావాల్సిందేనంది. పెద్దవాళ్లే ఇలా ఉన్నప్పుడు మధ్యరకం కంపెనీలో టెస్టింగ్ చేసుకునే నేను వాదించి సాధించేదేమీ లేదని నాకు తెలుసు. కాబట్టి ఆఫీసు మంచిదా, ఇల్లు మంచిదా అన్న చర్చలోకి దిగలేదు. మా ఆయనా నేనూ ఒక ఆదివారం పొద్దున పాప పాత నోటుబుక్కు వెనక పేజీల్లో లెక్క వేసుకున్నాం.

నా జీతం ఏడాదికి సుమారు పన్నెండున్నర లక్షలు. పీఎఫ్, వృత్తి పన్ను, అత్తామామల ఇన్సూరెన్సుకు పట్టుకునే మొత్తం పోను నెలకు 95 వేలు చేతికొస్తుంది. మా ఆయన ఇక్కడి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్, 38 వేలు. ఇల్లు మామగారిది, పైపోర్షన్‌లో మేముంటాం, అద్దె లేదు.

మొదటి దారి, సంసారం మొత్తం బెంగళూరుకు మార్చడం. ఆఫీసుకు దగ్గర్లో రెండు బెడ్రూముల ఇల్లు మెయింటెనెన్సుతో కలిపి 35 వేలు. పాపకు ఇక్కడి స్కూలు ఏడాదికి 60 వేలు, అక్కడ మేం అడిగినవాటిలో తక్కువది లక్షన్నర. అంటే నెలకు ఏడున్నర వేలు అదనం. అత్త, మామ కదలరు కాబట్టి సాయంత్రాలు పాపను చూసుకునే డేకేర్‌కు ఎనిమిది వేలు. నా రానుపోను మూడున్నర వేలు. అంతా కలిపి 54 వేలు. దీని మీద మా ఆయన వదులుకునే 38 వేలు వేస్తే 92 వేలు. నా జీతం 95.

ఆ అంకె కింద మా ఆయన రెండు గీతలు గీసి, పెన్ను మూత పెట్టేశాడు.

అయితే లెక్క నిజాయితీగా ఉండాలి కదా. ఆయనకు అక్కడ ఎప్పటికీ ఉద్యోగం దొరకదని ఏమీ లేదు. మా పైపోర్షన్ ఎవరికైనా ఇస్తే తొమ్మిది వేలు వస్తుంది. ఈ రెండూ కలిసొచ్చినా నెలకు 45 వేల తేడా అలాగే ఉంటుంది. పైగా ఇంటి అడ్వాన్సు రెండు లక్షలు. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు అడిగే అలవాటు కొంత సడలింది గానీ పోలేదు. ఆ డబ్బు ఎక్కడికీ పోదు, తిరిగొస్తుంది అంటారు. వడ్డీ లేకుండా తిరిగొస్తుంది. ఏడు శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్ లెక్కన చూసినా ఏడాదికి 14 వేలు పోయినట్టే. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం అక్కడ మామూలు.

అద్దె రసీదులు పెడితే టాక్సు మిగులుతుంది కదా అని ఆఫీసులో ఒక అన్న సలహా ఇచ్చాడు. పాత పన్ను విధానంలో అది నిజం. వచ్చిన హెచ్ఆర్ఏ, కట్టిన అద్దెలో బేసిక్‌లో పది శాతం తీసేయగా మిగిలింది, బేసిక్‌లో నిర్ణీత శాతం - ఈ మూడింట్లో తక్కువదానికి మినహాయింపు ఉంటుంది. కొత్త విధానంలో ఆ మినహాయింపే లేదు. కానీ 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను పడదు, జీతగాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ అదనం. అంటే నాకెలాగూ పన్ను సున్నా. సున్నాలోంచి అద్దె రసీదు మిగిల్చేది ఏముంది? నా జీతం చుట్టుపక్కల ఉన్నవాళ్లకు అద్దె ఇప్పుడు అచ్చంగా ఖర్చే.

రెండో దారి, ఆ సమయానికే వచ్చిన ఒక ఆఫరు. చిన్న కంపెనీ, పూర్తిగా ఇంటి నుంచే పని, నెలకు 75 వేలు. ఇరవై వేలు పోతే పోయింది, ఇల్లు కదలక్కర్లేదు అనుకునేలా ఉంది. అయితే కాగితంలో ఉద్యోగి అని లేదు, కన్సల్టెంట్ అని ఉంది. అసలు తేడా అక్కడుంది. నా బేసిక్ 42 వేలు, అందులో 12 శాతం నా వాటాగా పీఎఫ్‌కు పోతుంది, అంతే మొత్తం కంపెనీ వేస్తుంది. రెండూ కలిపి పది వేలు. అది చేతికి రాదు కాబట్టి జీతంగా కనపడదు, కానీ చాలావరకు 8.25 శాతం వడ్డీతో పెరిగే నా డబ్బే. గ్రాట్యుటీని ఏడాదికి పదిహేను రోజుల బేసిక్‌గా, నెలను 26 రోజులుగా లెక్క వేసుకున్నాం. నాకు నెలకు రెండు వేలు పడుతుంది, కాకపోతే ఐదేళ్లు నిండితేనే ఇస్తారు. నాకింకా నిండలేదు, ఇప్పుడు మానేస్తే ఐదేళ్లకు వచ్చే లక్షా ఇరవై వేల మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇన్సూరెన్సు సంగతి ఇంకా గట్టిది. మామగారికి షుగరు, బీపీ. కంపెనీ గ్రూపు పాలసీలో మొదటి రోజు నుంచే అన్నీ కవరవుతున్నాయి. బయట సొంతంగా తీసుకుంటే ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు, అది కొంత నయం. అయినా అరవై దాటిన ఇద్దరికి మాకు చెప్పిన ప్రీమియం, ఇప్పుడు జీతంలో కోస్తున్నదానికన్నా నెలకు నాలుగు వేలు ఎక్కువ. ఇవన్నీ కలిపితే తేడా 20 వేలు కాదు, 36 వేలు.

ఇక ఉద్యోగం పోతే ఏమిటి? బెంగళూరులో పోతే అదే రింగురోడ్డు మీద ఇంకో గేటు తడతాం. తిరుపతిలో దేవస్థానం ఉంది, యూనివర్సిటీలు, స్విమ్స్, రుయా ఆసుపత్రులు ఉన్నాయి, కరకంబాడిలో బ్యాటరీలు, శ్రీసిటీలో ఫ్యాక్టరీలు ఉన్నాయి. పదేళ్ల అనుభవమున్న సాఫ్ట్‌వేర్ టెస్టర్‌కు తలుపులు మాత్రం తక్కువ. చిన్న ఊళ్లలో కో-వర్కింగ్ సెంటర్లు పెట్టి, ముఖ్యంగా ఆడవాళ్లకు ఇంటి దగ్గరే పని వచ్చేలా చేస్తామని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. వస్తే సంతోషం. నోటుబుక్కులో మాత్రం రాసుకోలేం. ఊళ్లో వేరే ఉద్యోగం లేనప్పుడు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకుంటే చాలదు, ఏడాది ఖర్చు ఉండాలి. మా దగ్గర అప్పటికి అంత లేదు.

చైనా ట్రావెల్ కంపెనీ సీట్రిప్ మీద నికోలస్ బ్లూమ్ బృందం చేసిన రెండు పరిశోధనలు అప్పుడే చదివాను. వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచి పని చేసినవాళ్లు 13 శాతం ఎక్కువ పని చేశారు గానీ, చేసిన పనికి తగ్గ ప్రమోషన్లు వాళ్లకు రాలేదని 2015లో వచ్చిన మొదటిది చెప్పింది. రెండోది 2024లో వచ్చింది, 1,600 మందికి పైగా ఉద్యోగుల మీద. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి చేసినవాళ్లకు ప్రమోషన్లలో తేడా లేదు, మానేసేవాళ్లు మాత్రం మూడో వంతు తగ్గారు. అంటే మూడు రోజులు మొహం చూపించడానికి ఒక విలువ ఉంది. దాన్ని ఎంత తక్కువకు కొనుక్కోవచ్చన్నదే నా ప్రశ్న.

అది తెలిసింది బస్సుల వల్ల. బెంగళూరు నుంచి తిరుపతికి శుక్రవారం రాత్రి బస్సుల్లో సగానికి పైగా భక్తులే. ఆదివారం రాత్రి వాళ్లే తిరుగు ప్రయాణం. పెరటాసి శనివారాలు వస్తే చెప్పక్కర్లేదు. మామూలు రోజు ఏడు వందలకు దొరికే స్లీపరు ఆ రెండు రాత్రులూ పన్నెండు వందలు దాటుతుంది, అది కూడా దొరికితే. సోమవారం రాత్రి ఇటు నుంచి, గురువారం రాత్రి అటు నుంచి మాత్రం సీట్లు ఖాళీగా పోతుంటాయి. అందుకే అప్రైజల్ మీటింగులో మేనేజరును జీతం గురించి అడగలేదు. "సోమ, బుధ, శుక్ర వద్దండీ, మంగళ, బుధ, గురు ఇవ్వండి. ఆ మూడు రోజుల్లో మీటింగులన్నీ పెట్టుకోండి, ఒక్కటి కూడా తప్పను" అన్నాను. ఆయన క్యాలెండరు చూసి, దీనికి హెచ్ఆర్ అక్కర్లేదు, టీమ్ లెవెల్లో నేనే చేస్తా అన్నాడు. రెండు నిమిషాల మాట. దాని ఖరీదు నెలకు 30, 40 వేలు.

ఎందుకంటే రోజులు వరుసగా పడితే ఊరిని ముక్కలుగా కొనుక్కోవచ్చు. మారతహళ్లిలో లేడీస్ పీజీలు చాలావరకు మనవాళ్లే నడుపుతారు. నెలకే కాదు, రోజు లెక్కన కూడా మంచం ఇస్తారు, టిఫిను, రాత్రి భోజనంతో కలిపి ఆరు వందలు. నాకు కావాల్సింది వారానికి రెండు రాత్రులు. మిగతా రెండు రాత్రులు బస్సులో. బస్సులు ఆరు వేలు, మంచం ఐదు వేల చిల్లర, మధ్యాహ్న భోజనం, ఆటోలు కలిపి మరో మూడు, నాలుగు వేలు. నెలకు పదిహేను వేలతో పోతుంది. ఇల్లు తీసుకుంటే అద్దె నెల మొత్తానికీ కట్టాలి, పీజీ ఆవిడ మాత్రం నేను పడుకున్న రాత్రికే లెక్క వేస్తుంది.

మా అత్త దీన్ని ఇంకా తగ్గించాలని చూసింది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు బస్సు ఉచితం. "పలమనేరు దాకా ఊరికే పోవచ్చు కదమ్మా. ఆడ దిగి కన్నడోళ్ల బస్సెక్కితే సరి. వాళ్లు కూడా ఆడోళ్లకు ఊరికేనంట కదా, శానా మిగులుతుంది" అంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ల్లో ఉచితం, రాష్ట్రం దాటే బస్సులకు లేదు, కర్ణాటక శక్తి పథకం కర్ణాటక ఆధారు ఉన్నవాళ్లకే అని చెప్పాను. "అయితే పలమనేరు దాకన్నా మిగలదా?" అని ఇంకోసారి అడిగింది. అర్ధరాత్రి పలమనేరు బస్టాండులో లాప్‌టాప్ బ్యాగుతో నిలబడటం ఆమె లెక్కలో లేదు.

డబ్బుగా కనపడని ఖర్చు లేదని కాదు. మంగళవారం తెల్లవారుజామున బెంగళూరు టిన్ ఫ్యాక్టరీ స్టాపు దగ్గర దిగేసరికి కండక్టరు లేపితే గానీ మెలకువ రాదు. మొగిలి ఘాటు మలుపుల్లో పట్టిన నిద్ర అది, నిద్రని చెప్పుకోవడానికే. పీజీలో మొహం కడుక్కుని తొమ్మిదిన్నరకు లాగిన్. మంగళ, బుధ, గురువారాల సాయంత్రాలు పాప నాకు ఫోనులోనే. వారానికి రెండు, మూడు రోజులు ఇంటి నుంచి పనిచేసే వీలుకు ఉద్యోగులు తమ జీతంలో 5 నుంచి 8 శాతం విలువ కడుతున్నారని రకరకాల సర్వేల్లో తేలింది. ఊళ్లోనే ఆఫీసున్నవాళ్లు కట్టిన విలువ అది. నేను మాత్రం ఆ రెండు బస్సు రాత్రులకు, మూడు సాయంత్రాలకు నెలకు పది వేలు వేసుకున్నాను. ఎక్కువో తక్కువో తెలియదు గానీ, ఏదో ఒక అంకె వేయకపోతే ప్రతి గురువారం రాత్రీ బస్సులో కూర్చుని ఉద్యోగం మానేద్దామనే అనిపిస్తుంది.

ఆ అంకె వేశాక రెండో దారికి ధర తేలింది. 95లో పదిహేను తీస్తే 80. దానికి పీఎఫ్, ఇన్సూరెన్సు, గ్రాట్యుటీ పదహారు కలిపితే 96. నా కష్టానికి పది తీస్తే 86. ఇంటి నుంచే పని అంటూ ఎవరు పిలిచినా నేను అడిగేది 86 వేలు, ఉద్యోగి హోదా ఇస్తే కొంచెం తక్కువైనా ఫర్వాలేదు. 75 వేలకు పిలిచినవాళ్లకు ఆ మాటే చెప్పాను, వాళ్లు మళ్లీ ఫోను చేయలేదు. బెంగళూరుకు కాపురం మార్చకుండా ఆపుకున్న డబ్బులో నెలకు పాతిక వేలు రికరింగ్ డిపాజిట్‌లో పడుతోంది. ఏడాది ఖర్చు జమయ్యేదాకా దాన్ని ముట్టుకోం. అది నిండితే 86 కన్నా తక్కువకు కూడా ఒప్పుకోగలను.

వచ్చే త్రైమాసికం నుంచి నాలుగు రోజులంటున్నారు. నాలుగో రోజు సోమవారమైతే ఆదివారం రాత్రి భక్తులతో పోవాలి, శుక్రవారమైతే భక్తులతో రావాలి. నేను శుక్రవారమే అడగబోతున్నాను. శుక్రవారం సాయంత్రం చిత్తూరు దాకా పోయే బస్సుల్లో తిరుపతి బస్సులంత రద్దీ ఉండదు. రాత్రికి అక్కడే ఉన్న మా అమ్మ దగ్గర పడుకుంటే, శనివారం పొద్దున చిత్తూరు నుంచి తిరుపతికి ఎక్స్‌ప్రెస్, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు. ఆ డెబ్బై కిలోమీటర్లయినా మా అత్త లెక్క ప్రకారమే.