సహెరీ గోలీ

ఎండాకాలంలో వచ్చిన ఒక రంజాన్. మా చెల్లి అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసింది. ఈసారి ముప్పై రోజాలూ ఉంటానని నియ్యత్ చేసుకుంది. రెండేళ్లుగా మిర్గీకి రోజుకు మూడు గోలీలు వేసుకుంటోంది. మధ్యాహ్నం గోలీ వేసుకుంటే రోజా పోతుందని, ఎవరికీ చెప్పకుండా దాన్ని మానేసింది.

ఐదో రోజా నాడు అసర్ నమాజ్‌కు వజూ చేస్తూ నల్లా దగ్గరే పడిపోయింది. నానీమా చేతిలో తాళంచెవులు పెట్టబోయింది. పక్కింటి ఖాలా ఉల్లిగడ్డ తెచ్చింది. అబ్బా ఇద్దరినీ ఆపి, చెల్లిని పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూస్తూ కూర్చున్నారు. ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆస్పత్రికి తేవాలని డాక్టర్ సాబ్ ముందే చెప్పి ఉన్నారు. మూడు నిమిషాలకు ఆగింది, అల్‌హమ్దులిల్లాహ్.

"నజర్ తగిలింది, దర్గాకు తీసుకుపోదాం" అంది నానీమా. చెల్లి మాత్రం రాత్రి నా చెవిలో చెప్పింది, "ఆపా, గోలీ నేనే మానేశా."

మర్నాడు డాక్టర్ సాబ్ కోప్పడలేదు. మెదడులో కణాలు కరెంటుతో మాట్లాడుకుంటాయట. ఒక్కసారిగా చాలా కణాలు కలిసి కరెంటు వదిలితే ఫిట్స్. చెల్లి వేసుకునే కార్బమజెపైన్, పాతకాలం ఫెనిటోయిన్, కణంలోకి సోడియం పోయే దర్వాజాలను అదుపులో పెడతాయి. ఫెనోబార్బిటాల్, క్లోబజామ్ మెదడును శాంతపరిచే 'గాబా'కు బలమిస్తాయి. ఏదీ మిర్గీని వేళ్లతో పీకేయదు. దవా ఒంట్లో ఉన్నంతసేపే చౌకీదారీ. హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి జాన్‌కే ఖతరా కావచ్చు. పైగా సహెరీకి లేచి నిద్ర తగ్గినా ఫిట్స్ రావచ్చు.

తకలీఫులూ చెప్పారు. కార్బమజెపైన్‌తో మగత, తల తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం ఉండొచ్చు. ఒంటి మీద దద్దుర్లు వస్తే ఆ రోజే చూపించాలి. ఫెనిటోయిన్‌తో చిగుళ్లు పెరుగుతాయి. లెవెటిరాసిటామ్ కొందరికి చిరాకు, గుస్సా తెస్తుంది. అది దవా పనే, జిన్ కాదు. వాల్‌ప్రోయేట్ కడుపులో బిడ్డకు హాని చేయగలదు. అందుకే ఆడపిల్లల మిర్గీని నికా వేళ దాచడం గునా మాత్రమే కాదు, ఖతరా కూడా.

ఆ ఏడు మిగతా రోజాలు వద్దన్నారు. చెల్లి ఏడ్చింది. మరీజుకు రోజా విషయంలో అల్లాయే రుఖ్సత్ ఇచ్చాడని, తర్వాత ఖజా చేసుకోవచ్చని అమ్మీ నచ్చజెప్పింది. తర్వాత డాక్టర్ సాబ్ నెమ్మదిగా కరిగే గోలీకి మార్చారు, రోజుకు రెండే. మరుసటి రంజాన్‌కు ఆయనే ఇజాజత్ ఇచ్చారు: సహెరీకి ఒకటి, ఇఫ్తార్‌కు ఒకటి. అందరికీ ఇది కుదరదు. రంజాన్‌కు ముందే మీ డాక్టర్‌ని అడగండి.

నానీమా కట్టిన తావీజు ఇంకా చెల్లి చేతికి ఉంది. ఎవరం తీయమనలేదు. కానీ సహెరీకి అందరికంటే ముందు లేచి, గ్లాసులో నీళ్లు పట్టుకుని, "బిస్మిల్లా అని మింగు బేటీ" అని గోలీ అందించేది ఇప్పుడు నానీమాయే.